తాఊన్ తాకిన ఇంటి పెద్ద: హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై)

2020లో రమజాన్ నెల వచ్చేనాటికి మన మసీదుల తలుపులు మూసి ఉన్నాయి. తరావీహ్ నమాజులు ఇళ్ళలోనే చదువుకున్నాం. జనాజా వెంట నడవడానికి సొంత తమ్ముళ్ళు కూడా రాలేని రోజులవి. అప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న వినిపించింది. ఆపద వచ్చినప్పుడే కదా అందరం ఒక్కచోట చేరి అల్లాహ్‌ను వేడుకోవాలి, మరి ఇదేమిటి అని. మా ఇంట్లో పెద్దలు కూడా కళ్ళనీళ్ళతో అదే అడిగారు. మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత వెతుక్కుంటూ వెళితే, ఆరు వందల ఏళ్ళ క్రితం కైరో నగరంలో ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న ఒక మహా పండితుడు కనిపించారు. ఆయనే హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై).

సహీహ్ బుఖారీకి ఫత్హుల్ బారీ అనే వ్యాఖ్యానం రాసినవారుగా ఆయన పేరు మన పాఠకులకు తెలిసిందే. బులూగుల్ మరామ్ మన మదరసాల్లో చదివే పుస్తకమే. అయితే ఆయన తాఊన్ గురించి, అంటే ప్లేగు గురించి ఒక ప్రత్యేక గ్రంథం రాశారని, ఆ గ్రంథం వెనుక ఒక తండ్రి గుండెకోత ఉందని మనలో చాలామందికి తెలియదు. ఆయన తన ముగ్గురు కూతుళ్ళను ఆ వ్యాధికి పోగొట్టుకున్నారు.

అనాథ బాలుడు, అక్క చేతి నీడ

ఆయన అసలు పేరు అహ్మద్ బిన్ అలీ. హిజ్రీ 773 షాబాన్ నెలలో (క్రీ.శ. 1372) పాత కైరోలో, నైలు నది ఒడ్డున జన్మించారు. పూర్వీకులది ఫలస్తీనా తీరంలోని అస్ఖలాన్ పట్టణం. అందుకే అస్ఖలానీ అన్నారు. తల్లి పసితనంలోనే కన్నుమూసింది. తండ్రి వర్తకుడు, ధర్మవిద్య నేర్చినవాడు. హి. 777లో ఆయన కూడా వెళ్ళిపోయాడు. అప్పటికి బిడ్డకు నాలుగేళ్ళు.

అనాథ అయిన ఆ పిల్లవాడిని పెంచిన చేతుల్లో ముఖ్యమైనవి అక్క చేతులు. ఆమె పేరు సిత్తుర్ రక్బ్. హజ్ ప్రయాణపు దారిలో పుట్టినందువల్ల ఆ పేరు వచ్చింది. తమ్ముడికంటే మూడేళ్ళే పెద్దది. చదువుకున్న అమ్మాయి. తల్లి తర్వాత తనకు తల్లి ఆమేనని పెద్దయ్యాక ఇబ్నె హజర్ రాసుకున్నారు. ఆమె హి. 798లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండా, మరణించింది. గొప్పవారి జీవితచరిత్రల్లో గురువుల పేర్లు వరుసగా చెబుతారు గానీ, ఇలాంటి అక్కల పేర్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మేమూ ఇంతకన్నా చెప్పలేకపోతున్నామన్న బాధ ఉంది.

తండ్రి స్నేహితుడైన జకియుద్దీన్ ఖర్రూబీ అనే పెద్ద వర్తకుడు సంరక్షకుడుగా ఉన్నాడు. బాలుడు తొమ్మిదేళ్ళకు ఖుర్ఆన్ కంఠస్థం చేశాడు. సూరె మర్యమ్ ఒక్క రోజులోనే నోటికి వచ్చిందని చెబుతారు. ఖర్రూబీ తనతోపాటు మక్కాకు తీసుకువెళితే, అక్కడ హి. 785లో, పన్నెండేళ్ళ వయసులో, తరావీహ్ నమాజుకు ఇమామత్ చేశాడు. తర్వాతి కాలంలో ఒకసారి జమ్‌జమ్ నీళ్ళు తాగుతూ, జ్ఞాపకశక్తిలో ఇమామ్ జహబీ స్థాయి ప్రసాదించమని అల్లాహ్‌ను కోరుకున్నారట. చాలా ఏళ్ళకు మళ్ళీ హజ్‌కు వెళ్ళినప్పుడు అంతకంటే ఎక్కువ కోరుకోవాలనిపించిందని తనే చెప్పుకున్నారు.

హదీసు విద్యలో ఆయన అసలు గురువు హాఫిజ్ జైనుద్దీన్ ఇరాఖీ. పదేళ్ళపాటు ఆయనను అంటిపెట్టుకుని ఉన్నారు. ఇంకా బుల్ఖీనీ, ఇబ్నుల్ ములఖ్ఖిన్, హైసమీ వంటివారి దగ్గర నేర్చుకున్నారు. యమన్, హిజాజ్, షామ్ దేశాలు తిరిగారు. దమిష్క్‌లో సుమారు నూరు రోజులే ఉన్నారు గానీ, ఆ కొద్ది రోజుల్లో విన్న హదీసు సంకలనాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

హి. 798లో ఉన్స్ ఖాతూన్‌తో వివాహమైంది. ఉన్నత కుటుంబపు అమ్మాయి. భర్త ఆమెను హదీసు విద్యలోకి తీసుకువచ్చారు. హాఫిజ్ ఇరాఖీ వంటి పెద్దల నుండి ఆమెకు ఇజాజత్ లభించింది. క్రమంగా ఆమె స్వయంగా సహీహ్ బుఖారీ పాఠం చెప్పే స్థాయికి చేరుకుంది. వారికి అల్లాహ్ ఐదుగురు ఆడపిల్లలను అనుగ్రహించాడు: జైన్ ఖాతూన్, ఫర్హా, గాలియా, రాబియా, ఫాతిమా. బద్రుద్దీన్ ముహమ్మద్ అనే కుమారుడు మరో స్త్రీ ద్వారా కలిగాడు.

వదలని వ్యాధి

ఆ కాలపు కైరోలో ఆడపిల్లల తండ్రిగా ఉండటం అంటే ఏమిటో అర్థం కావాలంటే తాఊన్ గురించి కొంచెం చెప్పుకోవాలి.

హి. 749లో (క్రీ.శ. 1348-49) ఈజిప్టు, షామ్ దేశాలను, యూరప్‌ను ఒకేసారి ముంచెత్తిన మహా ప్లేగు గురించి చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. కొన్ని ఊళ్ళలో మూడోవంతు, కొన్నింట సగం జనం తుడిచిపెట్టుకుపోయారు. పొలాలు దున్నేవారు లేక బీడుపడ్డాయి. ఇబ్నె హజర్ పుట్టింది దానికి ఇరవై నాలుగేళ్ళ తర్వాత. కానీ అది ఒకసారి వచ్చి పోయిన వ్యాధి కాదు. కొన్నేళ్ళకోసారి తిరిగి వస్తూనే ఉండేది. చంకలోనో, గజ్జల్లోనో, చెవి వెనుకో ఒక గడ్డ లేస్తుంది. జ్వరం, వాంతులు, గుండెదడ. రెండు మూడు రోజుల్లో మనిషి ఉండడు. పిల్లలు, బయటి ఊళ్ళ నుండి వచ్చినవారు ఎక్కువగా బలయ్యేవారు.

హి. 819లో (క్రీ.శ. 1416) వచ్చిన విడతలో అది ఇబ్నె హజర్ ఇంటి గడప తొక్కింది. రబీఉల్ అవ్వల్ నెలలో గాలియా, ఫాతిమా ఇద్దరూ పోయారు. గాలియాకు పన్నెండో ఏడు. ఫాతిమా చంటిపిల్ల, రెండేళ్ళయినా నిండలేదు. ఆ సమయానికి తండ్రి సహీహ్ బుఖారీ వ్యాఖ్యానం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఆ కాగితాలు పక్కన పెట్టి, తాఊన్‌కు సంబంధించిన హదీసులన్నీ ఒకచోట చేర్చడం ఆ ఏడాదే ప్రారంభించారు. బిడ్డల సమాధుల మట్టి ఆరకముందే ఆయన వెతికింది ఏమిటో ఆలోచించండి. తన బిడ్డలు ఏ స్థితిలో అల్లాహ్‌ను చేరుకున్నారు? వ్యాధి వచ్చిన ఊరిలో విశ్వాసి ఏం చేయాలి? దైవప్రవక్త (సఅసం) నుండి ఈ విషయంలో నిజంగా నిరూపితమైనది ఏది, జనం కల్పించినది ఏది?

ఆ తర్వాత ఆయన పని ఒత్తిడి పెరిగింది. హి. 827లో షాఫయీల ప్రధాన ఖాజీ అయ్యారు. ఆ పదవి ఇవ్వడం, తీసేయడం, మళ్ళీ ఇవ్వడం చాలాసార్లు జరిగింది. దాన్ని ఒప్పుకున్నందుకు ఆయన తర్వాత పశ్చాత్తాపపడ్డారు కూడా. హి. 828లో హజ్ నుండి తిరిగివచ్చిన ఫర్హా మరణించింది. హి. 832లో రాబియా. మరుసటి సంవత్సరం, హి. 833లో (క్రీ.శ. 1430), ఈజిప్టులో చాలా తీవ్రమైన తాఊన్ వచ్చింది. అందులో పెద్ద కూతురు జైన్ ఖాతూన్ వెళ్ళిపోయింది. అప్పటికి ఆమె గర్భవతి. తండ్రి తొలి బిడ్డ, తండ్రి దగ్గరే చదువుకున్న బిడ్డ. ఆమె కొడుకు యూసుఫ్‌కు అప్పుడు ఐదేళ్ళు. ఐదుగురు కూతుళ్ళలో తండ్రికి ఇక ఒక్కరూ మిగల్లేదు.

పద్నాలుగేళ్ళుగా చిత్తుప్రతిగా ఉన్న గ్రంథాన్ని ఆయన పూర్తి చేసింది ఆ ఏడాదే. దాని పేరు బజ్లుల్ మాఊన్ ఫీ ఫజ్లిత్ తాఊన్.

ఎడారిలో జరిగిన సామూహిక దుఆ

ఈ గ్రంథం ఐదు అధ్యాయాలుగా ఉంటుంది. తాఊన్ ఎలా మొదలైంది, అది ఏమిటి, అందులో మరణించినవారి స్థానం ఏమిటి, ఆ ఊరికి వెళ్ళడం, అక్కడి నుండి వెళ్ళిపోవడం గురించిన ఆదేశం, అది వచ్చినప్పుడు చేయవలసినవి, చేయకూడనివి. చివర తన కాలం వరకు వచ్చిన తాఊన్‌ల చరిత్ర. అన్నిటినీ ఇక్కడ చెప్పడం కుదరదు. మేము మొదట అడిగిన ప్రశ్నకు సంబంధించిన భాగం దగ్గర ఆగుదాం.

హి. 833 రబీఉల్ ఆఖిర్ చివరిలో కైరోలో తాఊన్ మొదలైంది. అప్పటికి రోజుకు చనిపోయేవారు నలభై మంది కన్నా తక్కువే. మూడు రోజులు ఉపవాసం ఉండమని ఊళ్ళో చాటింపు వేయించారు. వర్షాల కోసం ఇస్తిస్ఖా నమాజుకు వెళ్ళినట్లే, జమాదిల్ అవ్వల్ 4వ తేదీన జనం ఊరు బయట ఎడారికి వెళ్ళి గుమిగూడారు. కొంతసేపు దుఆ చేసి తిరిగివచ్చారు. ఆ నెల గడవకముందే రోజువారీ మరణాలు వెయ్యి దాటాయి. ఆ తర్వాత ఇంకా పెరిగాయి. ఇబ్నె హజర్ ఈ లెక్కను ఎలాంటి అలంకారం లేకుండా అలాగే రాసిపెట్టారు. అంతకు ముందు హి. 749 మహా ప్లేగులో దమిష్క్‌లో కూడా జనం ఇలాగే గుమిగూడి ప్రార్థించారని, ఆ తర్వాత వ్యాధి పెరిగిందని అక్కడివారు రాసిన మాటను దీనికి జోడించారు.

దుఆ చేయవద్దని ఆయన అనలేదు. ఎవరికి వారు ఆరోగ్యం కోసం, ఆపద తొలగడం కోసం అల్లాహ్‌ను వేడుకోవడాన్ని సమర్థించారు. ఆయన అభ్యంతరం వేరు. సహాబాల (రజి) కాలంలోనే తాఊన్ వచ్చింది. వారిలో ఎందరో దానికి బలయ్యారు. ఇలా ఎడారికి వెళ్ళి గుమిగూడడం ధర్మసమ్మతమైతే వారికి తెలియకుండా ఉండేదా? వారు చేయనిది మనం పుణ్యకార్యంగా ఎందుకు మొదలుపెట్టాలి? ఇదీ ఆయన వాదన.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. 2020లో చాలామంది ఈ సంఘటనను ఎత్తిచూపి, జనం గుమిగూడితే వ్యాధి అంటుకుంటుందని ఇబ్నె హజర్ ఆనాడే చెప్పారని ప్రచారం చేశారు. ఆయన ఆ మాట అనలేదు. పైగా వ్యాధి తనంతట తానుగా ఒకరి నుండి ఒకరికి అంటుకుంటుందన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. కొన్ని హదీసుల ఆధారంగా తాఊన్‌కు కారణం జిన్నుల పోటు అని భావించారు. అండలూసియాలో ఇబ్నుల్ ఖతీబ్ అనే పండిత వైద్యుడు అంతకు ముందే, రోగుల దగ్గరికి వెళ్ళినవారికి వ్యాధి రావడం, దూరంగా ఉన్నవారు బతకడం కళ్ళతో చూసిన అనుభవమని రాశాడు. ఈ విషయంలో వైద్యశాస్త్రం ఇబ్నుల్ ఖతీబ్ వైపే నిలిచింది. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు క్రిమిని గుర్తించాడు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అది ఎలుకల ఈగల ద్వారా వ్యాపిస్తుందని చూపాడు. అదే వ్యాధి ఊపిరితిత్తులకు పాకితే దగ్గు తుంపరల ద్వారా మనిషి నుండి మనిషికి సోకుతుందని కూడా నేడు తెలుసు. సకాలంలో యాంటీబయాటిక్ మందులు ఇస్తే రోగి కోలుకుంటాడు.

అయినా ఆయన చూపులో పదును లేకపోలేదు. చెడుగాలి వల్లే తాఊన్ వస్తుందని ఆ కాలపు వైద్యులు అనేవారు. అలాగైతే మంచి వాతావరణంలో, గాలి శుభ్రంగా ఉండే ఊళ్ళలో కూడా ఎందుకు వస్తోంది? ఒకే గాలి పీల్చే ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడం ఏమిటి? ఇవి ఆయన వేసిన ప్రశ్నలు. జవాబు ఆయనకు దొరకలేదు గానీ, ప్రశ్నలు సరైనవే. పెద్దల పట్ల గౌరవం అంటే వారి ప్రతి అభిప్రాయాన్నీ ఈనాటి సైన్సుకు అతికించడం కాదని మేము అనుకుంటున్నాం.

వెళ్ళవద్దు, వదిలి రావద్దు

ఆయన గ్రంథానికి మూలస్తంభం మనందరికీ తెలిసిన హదీసే. తాఊన్ ఉన్న ఊరికి వెళ్ళవద్దని, మీరున్న ఊరికి అది వస్తే దాని నుండి పారిపోయే ఉద్దేశంతో ఊరు విడిచి వెళ్ళవద్దని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణంలో సర్గ్ అనే చోట ఆగి, ముందు ముహాజిర్లను, తర్వాత అన్సార్లను, ఆ తర్వాత ఖురైష్ పెద్దలను సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామన్నది ఉమర్ (రజి) జవాబు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి ఈ హదీసు వినిపించారు. హి. 18లో అమ్వాస్ తాఊన్‌లో అబూ ఉబైదా (రజి), ముఆజ్ బిన్ జబల్ (రజి) ఇద్దరూ మరణించారు.

ఊరు విడిచి ఎందుకు వెళ్ళకూడదు? పండితులు చెప్పిన కారణాలను ఇబ్నె హజర్ ఫత్హుల్ బారీలో వివరించారు. కాళ్ళలో బలం ఉన్నవారంతా వెళ్ళిపోతే లేవలేని రోగికి నీళ్ళు ఇచ్చేదెవరు? చనిపోయినవారికి స్నానం చేయించేదెవరు, కఫన్ తొడిగేదెవరు, ఖబరుకు చేర్చేదెవరు? వెళ్ళే స్తోమత లేని బీదవారి గుండె ఎంత చెదిరిపోతుంది? ఇందులో మా మనసుకు ఎక్కువగా తగిలింది ఇదే. 2021 వేసవిలో మన ఊళ్ళలో ఎందరో యువకులు, బంధువులే దగ్గరికి రాని శవాలకు, మతం అడగకుండా, అంత్యక్రియలు చేయడం మనం చూశాం.

తాఊన్‌లో మరణించిన విశ్వాసి షహీద్ అన్నది సహీహ్ హదీసుల మాట. ఇబ్నె హజర్ దీనికి మరో ముఖ్యమైన విషయం జోడించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, ఆ సమయంలో తన ఊరిలోనే సహనంతో, అల్లాహ్ రాసినది తప్ప మరేదీ జరగదన్న నమ్మకంతో ఉన్నవారికి షహీద్‌కు సమానమైన పుణ్యం ఉంది. ఆ హదీసులో చనిపోవాలన్న షరతు లేదని ఆయన గమనించారు. అంటే బతికి బయటపడినవారికి కూడా ఆ పుణ్యం దక్కుతుంది. ముగ్గురు బిడ్డలను పంపి తాను మిగిలిన తండ్రి ఆ హదీసును అంత జాగ్రత్తగా చదివారంటే ఆశ్చర్యం లేదు.

ఆయన రచనల్లో ఎన్నో మన హైదరాబాదులోనే మొదట అచ్చయ్యాయి. హదీసు ఉల్లేఖకుల జీవితాలు చెప్పే తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హి. 1325-27 మధ్య పన్నెండు సంపుటాలుగా ప్రచురించింది. అరబ్బు దేశాల పండితులు కూడా చాలాకాలం ఆ హైదరాబాదు ప్రతినే చూసుకున్నారు.

ఇరవై అయిదేళ్ళు శ్రమించి రాసిన ఫత్హుల్ బారీ హి. 842 రజబ్‌లో పూర్తయింది. షాబాన్‌లో కైరో వెలుపల పెద్ద విందు ఇచ్చారు. ఐదు వందల దీనార్లు ఖర్చయిందని చెబుతారు. పండితులు, అధికారులు, సామాన్యులు అందరూ వచ్చారు. ఆ వ్యాఖ్యానం మొదలుపెట్టినప్పుడు ఇల్లంతా సందడి చేసిన కూతుళ్ళలో ఆ విందు రోజున ఒక్కరూ లేరు.

హి. 852 చివరి నెలల్లో ఆయన కడుపు జబ్బుతో మంచంపట్టారు. విరేచనాలు, రక్తం. వారాల తరబడి బాధపడి, జుల్‌హిజ్జా 28వ తేదీ రాత్రి (క్రీ.శ. 1449 ఫిబ్రవరి), ఇషా తర్వాత కన్నుమూశారు. కడుపు జబ్బుతో మరణించినవారిని కూడా దైవప్రవక్త (సఅసం) షహీద్‌లలో లెక్కించారు. తాఊన్ మృతుల ప్రస్తావన ఉన్న ఆ హదీసులోనే ఈ మాట ఉంది. సుల్తాన్ జఖ్‌మఖ్ స్వయంగా జనాజా నమాజుకు వచ్చాడు. కైరో అంతటి జనాన్ని అరుదుగా చూసిందని ఆయన శిష్యుడు సఖావీ రాశాడు. ఖరాఫా శ్మశానవాటికలో ఖననం జరిగింది.

జైన్ ఖాతూన్ వదిలి వెళ్ళిన ఆ ఐదేళ్ళ పిల్లవాడు యూసుఫ్ పెరిగి పెద్దవాడై హదీసు విద్వాంసుడు అయ్యాడు. లోకం అతన్ని ఇబ్నె హజర్ మనవడు అనే పేరుతోనే గుర్తుపెట్టుకుంది. ఉన్స్ ఖాతూన్ భర్త తర్వాత మరో పదిహేనేళ్ళు జీవించింది. హి. 867లో మరణించే వరకు ఆమె దగ్గర హదీసు చదివేవారు వస్తూనే ఉండేవారు. సఖావీ కూడా వారిలో ఒకడు. సహీహ్ బుఖారీ పఠనం ముగిసిన రోజున ఆమె వచ్చినవారందరికీ పండ్లు, మిఠాయిలు పంచిపెట్టేది.